ఏటి మడి

దాలమ్మ అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు చెరుగుతోంది. పొట్టు గాలికి లేచి వాకిట్లో పడుతుంటే రెండు కోడిపిల్లలు దాని వెనక పరిగెడుతున్నాయి. కొడుకు గణపతిరావు గుమ్మం పక్కన మంచం మీద కూర్చుని, కొత్త పురికొస ఉండని విప్పి, మూరలు కొలిచి, మళ్ళీ చుడుతున్నాడు. అలా కొలవడం అది మూడోసారి.

"ఒగ్గీ మావా, తాడు అరిగిపోతాది," అన్నాడు ఎర్రన్న. అతను తాపీమేస్త్రీ. గురువారం శంకుస్థాపన. ఈలోగా మడిలో నాలుగు మూలలా మేకులు దింపి తాడు కట్టడానికి వచ్చాడు.

గణపతిరావు పెళ్ళింట్లో తనే అన్నీ చూసుకోవాల్సిన మనిషిలా హడావిడిగా ఉన్నాడు. భార్య గురమ్మ లోపల్నుంచి చోడి అంబలి గ్లాసులు తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది.

"అదికాదు మావా," అన్నాడు ఎర్రన్న ఒక గుక్క తాగి, "మీ మడికి ఆ పేరేటి? కొత్తింటికి అడ్రసు ఏటని సెప్పుకుంటావు?"

గణపతిరావు మొహం వెలిగింది. ఆ కథ చెప్పమని ఎవరైనా అడిగితే అతనికి ఆకలి కూడా గుర్తురాదు.

"మా తాతకి సెవుడు. దొరలకాలంలో సర్వే సేసీవోడొచ్చి, ఈ మడి పేరేమిటి అని అడిగినాడు. మా తాత ఏటి అన్నాడు. మడి పేరయ్యా అన్నాడు ఆడు. ఏటి మడి అన్నాడు మా తాత. ఆడు ఏటి మడి అని రాసుకుని ఎలిపోయినాడు. అంతే, ఇప్పటికీ కాగితాల్లో అదే పేరు."

ఎర్రన్న నవ్వాడు. దాలమ్మ కూడా చేట ఆపి నవ్వింది. ఈ కథ ఆమె నలభై ఏళ్ళుగా వింటోంది.

ఆ నవ్వుల మధ్యలో తూర్పు గోడ అవతల ఎవరో దగ్గారు. గణపతిరావు నవ్వు ఆపేశాడు.

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే పెంకుల కప్పు కింద రైలు పెట్టెల్లా వరసగా ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. తూర్పు గోడ అవతల ఉండేది గణపతిరావు అన్న అసిరయ్య. ఏడేళ్ళ కిందట భూములు పంచుకున్న రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. ఇవతలి తాలింపు వాసన అవతలికీ, అవతలి దగ్గు ఇవతలికీ వెళ్ళడం మాత్రం ఆగలేదు. రెండిళ్ళలోనూ తిరిగేది దాలమ్మ ఒక్కతే. పగలు చిన్నకొడుకు అరుగు మీద, సాయంత్రం పెద్దకొడుకు అరుగు మీద. గణపతిరావు కొత్త ఇల్లు కట్టుకుంటున్నది ముఖ్యంగా ఆ గోడకి దూరంగా పోవడానికే.

"నాను ముందు పోయి గడ్డి పీకించి ఉంచుతాను. నువ్వు తాడు పట్టుకుని రా," అని ఎర్రన్న బండెక్కి వెళ్ళిపోయాడు.

గణపతిరావు లోపలికి తొంగి చూశాడు. "ఏటే గుంటా, పటం తయారేనా?"

లోపల నేల మీద లాప్‌టాప్ ముందు కూర్చున్న రేఖ తలెత్తింది. మళ్ళీ తెర మీదికి వంగింది.

రేఖ అతని ఒక్కగానొక్క కూతురు. ఊరి బళ్ళో చదివి, సివిల్ డిప్లొమా చేసి, విజయనగరంలో పటాలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తోంది. ఊరికి నీళ్ళ ట్యాంకు ఎక్కడ కట్టాలి, బడి ఎక్కడ కడితే వానాకాలం మునగదు, ఇలాంటి ప్రశ్నలకి జవాబు వెతకడం ఆమె పని. నేల ఎత్తు ఒక పొర, వాలు ఒక పొర, మట్టి ఒక పొర, నీటి దారులు ఒక పొర, రోడ్లు ఒక పొర. అన్నీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చి, దేనికి ఎంత విలువో చెబితే, కట్టదగిన చోటు పచ్చగానూ కట్టకూడని చోటు ఎర్రగానూ తేలుతుంది. జీఐఎస్ అంటారు. ఇంట్లో వాళ్ళకి అది 'రేఖ రంగులేసీ పని'.

శంకుస్థాపనకి నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తున్నప్పుడు తండ్రి ఫోనులో ఒక్కటే అడిగాడు. "మన మడి ఆకాశం నుంచి ఎలగుంటాదో ఒక పటం తీసి తే. అద్దం కట్టించి కొత్తింట్లో గుమ్మానికి ఎదురుగా పెడదాం." కూతురి పని గురించి ఆయన ఏదైనా అడగడం అదే మొదలు. రేఖ సంతోషంగా మొదలుపెట్టింది.

అందుకోసం తీసిన ఉపగ్రహం ఫొటోలోనే ఆమెకి మొదట అనుమానం వచ్చింది. ఊరి వరిచేల మీదుగా ఒక వంపు తిరిగిన పట్టీ, చుట్టూ ఉన్న పచ్చకంటే కొంచెం ముదురు పచ్చ. గట్లతో దానికి సంబంధం లేదు. ఎవరి గట్టునీ లెక్కచేయకుండా ఇరవై ముప్ఫై మళ్ళను కోసుకుంటూ పోయింది. ఊరు చేరాక రెండు రోజులు పొద్దున్నే పరికరం పట్టుకుని గట్లంట తిరిగింది. నూట నలభై చోట్ల ఎత్తులు తీసింది. నిన్న పొరలన్నీ పేర్చాక మడి మీద వచ్చిన ఎర్రరంగు చూసి, ఎక్కడో తప్పు చేశానేమోనని మొదటినుంచీ మళ్ళీ చేసింది. అదే రంగు వచ్చింది.

"నిన్నే. పటం ఏదే?" గణపతిరావు లోపలికి వచ్చాడు.

"నాన్నా," అంది రేఖ, "ఆ మడిలో ఇల్లొద్దు."

"ఏటీ?"

"అక్కడ కట్టొద్దు. మేకులు కొట్టకముందే సెప్తన్నాను."

గణపతిరావు పురికొస ఉండని చేతిలో నొక్కుకున్నాడు. "ఏటి, పల్లమనా? పల్లమైతే మట్టి పోస్తాం. ఎర్రన్న మూడడుగులు లేపుతానన్నాడు."

"పైన పల్లం సంగతి కాదు. అడుగున ఇసక. పునాది నిలవదు."

"నువ్వు అడుగున సూసినావా?"

"పైనుంచి సూసినాను."

"పైనుంచి సూస్తే అడుగు కనపడతాదా. ఇదెక్కడి సదువే. ఇన్నాల్లూ ఇదేనా నేర్పినారు?"

గురమ్మ వంటింటి గుమ్మంలోంచి, "పిల్ల ఏటో సెప్తంది. కాసేపు ఇంటే నీ తాడుకి కాల్లొచ్చి ఎలిపోదు కదా," అంది.

"సరే సెప్పమను. మరెక్కడ కట్టాలో అదీ సెప్పమను."

రేఖ ఆ ప్రశ్న కోసమే భయపడుతోంది. తెర మీద పచ్చగా తేలింది ఒక్కచోటే. ఊరికి ఉత్తరాన, చిన్న దిబ్బలా ఎత్తుగా, గట్టి ఎర్రమట్టితో ఉన్న మెట్ట.

"గరువులో," అంది.

గరువు అసిరయ్య వాటా.

"ఓహో," అన్నాడు గణపతిరావు నెమ్మదిగా. తర్వాత అతని గొంతు లేచింది. "అయితే ఇది గోడవతల నుంచి వచ్చిన సదువన్నమాట. ఆ ముసలోడు పిలిసి సెప్పించినాడా? రోడ్డు పక్కన నా ఇల్లు లెగుస్తంటే ఓర్సలేక? రెండ్రోజులు గట్లంట తిరుగుతంటే గాలికి తిరుగుతందనుకున్నాను. ఆడి మనిసివై తిరుగుతన్నావేటే?"

"నాను పెదనాన్నతో మాటాడనేదు," అంది రేఖ. ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు మాటాడొద్దన్నావు. పదిహేడేళ్ళప్పుడు అన్నావు. ఇప్పటికి ఏడేళ్ళు. పండక్కి అరిసెలిచ్చినా తీసుకోనేదు. దారిలో ఎదురైతే తలొంచుకుని పోయినాను. నువ్వు సెప్పిందే సేసినాను నాన్నా."

కూతురు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అతనికి కొత్త. మొహం తిప్పుకుని గోడకేసిన కేలెండరు వైపు నిలబడ్డాడు.

అప్పటికి దాలమ్మ చేట పక్కనపెట్టి లోపలికి వచ్చింది. రేఖ పక్కన నేల మీద చతికిలపడి, "అది ఇటు తిప్పు. నానూ సూస్తాను," అంది.

"అమ్మా, నీకేటి తెలుస్తాది?" అన్నాడు గణపతిరావు తిరక్కుండానే.

"తెలీకపోతే పోయింది. ఎలాగా పైకి పోయీదాన్నే. ఊరు పైనుంచి ఎలగుంటాదో ముందే సూసుకుంటాను."

గురమ్మ నవ్వు ఆపుకుంది. రేఖ తెర మామ్మ వైపు తిప్పింది.

ఊరు కనబడింది. దాలమ్మ కాసేపు ఏమీ అర్థంకానట్టు చూసింది. తర్వాత ఆమె వేలు ముందుకు వచ్చింది. "ఇది మన ఈదా? ఇది రామందిరం. ఇది కళ్ళం. ఓలమ్మ, గడ్డివాము కూడా ఉన్నాదే." ఒక్కొక్కటే గుర్తుపడుతూ వేలితో వీధి వెంట నడిచింది. తమ ఇంటి దగ్గర ఆగింది. "మన గోడేదే?"

"గోడ కనపడదు మామ్మా. పైనుంచి ఒకటే కప్పు."

దాలమ్మ తలూపింది. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంచింది.

"ఇప్పుడు ఇళ్ళూ చెట్లూ తీసేస్తాను," అంది రేఖ. "నేల ఒక్కటే ఉంటాది. ఎత్తయిన చోటు గోధుమరంగు, పల్లం నీలం."

ఒక మీట నొక్కితే ఊరు మాయమైంది. దాని కిందున్న నేల పైకి వచ్చింది. ఆ నేలని వాళ్ళెవరూ ఎప్పుడూ అలా చూడలేదు. చదునుగా ఉందనుకున్న పొలం చదునుగా లేదు. అది పడుకున్న పశువు వీపులా ఒకచోట లేచి, ఒకచోట దిగి, మళ్ళీ లేచి ఉంది. ఉత్తరాన గరువు గోధుమరంగులో గుండ్రంగా లేచింది. గురమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడింది.

"ఇప్పుడు ఈ ఊరి మీద ఎక్కడ చినుకు పడినా ఎటు పోతాదో ఇది సెప్తాది."

మరో మీట. తెర మీద సన్నటి నీలి గీతలు పుట్టాయి. వెంట్రుకంత గీతలు వందలు. ఒకదానితో ఒకటి కలిశాయి. కలిసినకొద్దీ లావయ్యాయి. చివరికి అన్నీ ఒక పెద్ద వంపులోకి చేరాయి. ఆ వంపు ఉత్తరం నుంచి వచ్చి, గరువుని ముట్టుకోకుండా దాని చుట్టూ తిరిగి, చేల మధ్యనుంచి దిగి, సరిగ్గా ఏటి మడి నడిబొడ్డున దూరి, రోడ్డు దాటి, సముద్రం వైపు పోయింది. ఎవరూ గీయలేదు. నేల తనంతట తను గీసుకుంది.

గురమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రేఖ దాన్ని నిన్నటినుంచీ పదిసార్లు చూసింది. అయినా పదకొండోసారి కూడా ఆమె ఒళ్ళు జలదరించింది. తను పుట్టినప్పటినుంచీ ఆ గట్ల మీద ఆడింది, అక్కడే ఉబాలకి వంగి నాట్లు వేసింది. కాళ్ళ కింద ఇంత పెద్దది పడుకుని ఉందని తెలియలేదు.

"ఇది మొన్న తుపాను పోయిన అయిదో రోజున ఉపగ్రహం తీసింది," అంటూ ఇంకో పొర వేసింది. ఊరి చేలన్నీ ఆరిపోయాయి. ఆ వంపులో మాత్రం నీళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. గీతకీ నీళ్ళకీ మధ్య వెంట్రుక వాసి తేడా లేదు.

"నీల్లు నిలిసినా పోతాయి," అన్న మాట వెనకనుంచి వినబడింది. గణపతిరావు ఎప్పుడు ఇటు తిరిగాడో ఎవరూ గమనించలేదు. "రోడ్డేసినోల్లు అక్కడ తూము పెట్టినారు కదా."

"రెండు మైళ్ళ రోడ్డులో అక్కడే ఎందుకు పెట్టినారు నాన్నా?"

గణపతిరావు కళ్ళు తెర మీద తూము చోటికి వెళ్ళాయి. ఆ తూము తన మడి దగ్గర పడటం తన అదృష్టమని అందరికీ చెప్పుకున్నాడు.

దాలమ్మ తెరకి మొహం దగ్గరగా పెట్టింది. "ఇది గెడ్డ కాదే గుంటా. గెడ్డ ఇంత ఎడల్పుండదు."

"గెడ్డ కాదు మామ్మా. ఏరు. ఇప్పుడు అక్కడెక్కడో పారతన్నాది కదా, ఒకప్పుడు ఇటే పారింది. తర్వాత తోవ మార్చుకుంది. పైన ఒండ్రు కప్పీసింది. మనం వరి నాటుకున్నాం. అడుగున ఇసకా రాళ్ళూ అలాగే ఉన్నాయి."

"ఏరు," అంది దాలమ్మ.

ఆ ఊళ్ళో ఇప్పుడు ఆ మాట ఎవరూ వాడరు. పారే నీళ్ళు ఏవైనా గెడ్డే. రెండు మైళ్ళ అవతలి నదిని పేరు పెట్టి పిలుస్తారు. ఏటి అంటే వాళ్ళకి ప్రశ్న ఒక్కటే. దాలమ్మ పెదాలు ఆ మాటని మరోసారి కదిపాయి. తర్వాత ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, నువ్వు అప్పటికి పాలపళ్ళు కూడా ఊడనోడివి. మీ అయ్యా, పెద్దోడూ ఆ మడిలో నుయ్యి తవ్వినారు. నిలువెత్తు దిగీసరికి అంచు జారిపోయింది. మళ్ళీ తవ్వితే మళ్ళీ జారింది. మూడోసారి పెద్దోడు నడుం దాకా కూరుకుపోయినాడు. మీ అయ్య తలగుడ్డ ఇప్పి ఇసిరి ఆడిని లాగినాడు. ఇద్దరూ ఒల్లంతా ఇసకతో ఇంటికొచ్చినారు. మీ అయ్య తువ్వాల్లోంచి రాళ్ళు తీసి నా ఒల్లో పోసినాడు. గుడ్లలాగ నున్నగా ఉన్నాయి. నాను ఏటివి అన్నాను. ఏటివే అన్నాడు." ఆమె తన ఒడి వైపు చూసుకుంది. "నన్ను ఎక్కిరిస్తన్నాడనుకున్నాను. మూతి తిప్పుకుని లోపలికెలిపోయినాను. అంత అలిసిపోయి వచ్చినోడికి ఎక్కిరించడానికి ఓపికుంటాదా అని ఆలోసించనేదురా. ఇన్నేళ్ళూ ఆలోసించనేదు."

గణపతిరావు వచ్చి తెర ముందు కూర్చున్నాడు. దుమ్ము అంటుతుందని ఏనాడూ ముట్టుకోని లాప్‌టాప్ మీద వేలు పెట్టి ఆ వంపు వెంట పైనుంచి కిందికి గీశాడు. మడి దగ్గర ఆగాడు.

"ఏటి మడి," అన్నాడు. ఈసారి అందులో ప్రశ్న లేదు.

"మరి తాతకి సెవుడు లేదా?" అంది గురమ్మ మెల్లగా.

"లేదేమో. సర్వే ఆయన అడిగిందానికి సరైన జవాబే సెప్పినాడేమో," అంది రేఖ.

మంచం మీద గణపతిరావు ఫోను మోగింది. ఎర్రన్న. గురమ్మ అందుకుని, "ఈయాల మేకులొద్దు ఎర్రన్నా. ఎందుకో తరవాత సెప్తాం," అని పెట్టేసింది. భర్త కాదనలేదు. అతను విన్నట్టే లేదు.

"పంపకాల రోజు," అన్నాడు గణపతిరావు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. "బడి వరండాలో పెద్దలందరూ కూకున్నారు. అన్న లెగిసి, తమ్ముడా, గరువు నువ్వు తీసుకో, ఆ మడి నాకొగ్గీ అన్నాడు. రోడ్డొస్తందని తెలిసి కాజేస్తన్నాడనుకున్నాను. ఎందుకొగ్గాలి అన్నాను. ఆడన్నాడూ..."

గురమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"అది ఏటిదిరా అన్నాడు. 'నీకు తెల్దురా, అది ఏటిది.' నాకు నవ్వొచ్చింది. 'ఏటిదో నాకు తెల్దా, రోడ్డొచ్చీది. ఏటిది ఏటిది అని సెవిటి తాతలాగ అడుగుతావేటి' అన్నాను. పెద్దలందరూ పగలబడి నవ్వినారు. ఆడు మళ్ళీ నోరు తెరిసినాడు. నాను మళ్ళీ అదే అన్నాను. మళ్ళీ నవ్వినారు. ఆడు తువ్వాలు బుజాన ఏసుకుని, నువ్వెలగంటే అలగే రాయించు అనీసి ఎలిపోయినాడు. ఆడు ఎలిపోతంటే ఎనకనుంచి దొంగ అన్నాను. నలుగురిలో అన్నాను."

దాలమ్మ కళ్ళు తుడుచుకోలేదు. కన్నీళ్ళు ముడతల వెంట వాటి దారిన అవి దిగాయి. "నానూ ఆ వరండాలోనే ఉన్నాను. నానూ నవ్వినాను," అంది.

రేఖ తండ్రి మొహం వైపు చూసింది. నిన్నంతా ఆమె ఎర్రరంగు ఎలా చెప్పాలా అని మాత్రమే ఆలోచించింది. నూట నలభై చోట్ల ఎత్తు తీసినప్పుడు నేల సంగతి తెలుస్తుందనుకుంది. గరువు పచ్చగా తేలినప్పుడు, అది ఏడేళ్ళ కిందట పెదనాన్న తమకి ఇస్తానన్న చోటే అని ఆమెకి తెలియదు. ఊబిలోంచి బతికి బయటపడ్డ మనిషి, ఆ ఊబి తను ఉంచుకుని, గట్టినేల తమ్ముడికి ఇవ్వబోయాడు. దానికి సాక్ష్యంగా ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క మాట. ఆ మాట వాళ్ళ భాషలో ప్రశ్నయిపోయింది.

గోడ అవతల దగ్గు వినబడింది. పొడిగా, రెండుసార్లు.

గణపతిరావు లేచాడు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. లాప్‌టాప్ రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. తీగ ఊడి నేల మీద పడింది. మూత పడిపోకుండా, ఆ నీలి వంపు చెరిగిపోకుండా, నిండుకుండ మోస్తున్న మనిషిలా ఒక్కో అడుగూ చూసుకుంటూ గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గురమ్మ ఏదో అడగబోతే దాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

పొలం దారి పడమటికి. అతను అటు చూడనైనా చూడలేదు. తూర్పుకి తిరిగాడు. అవతలి గుమ్మం ముందు చెప్పులు విడిచిన చప్పుడు గోడలోంచి ముగ్గురికీ వినబడింది.